వేలికొసల విజ్ఞానం

పిల్లలూ! మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పత్తిచేను చూడనివారు ఉండరు. 2022 లో జిల్లాలు విడిపోయి పల్నాడు, బాపట్ల అని కొత్త పేర్లు వచ్చాయి గాని, మన నల్లరేగడీ మారలేదు, దానిలో పండే పత్తీ మిరపా మారలేదు. ఈసారి చేలోకి వెళ్ళినప్పుడు బాగా పగిలిన పత్తికాయ ఒకటి తెచ్చుకోండి. బల్లమీద పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, వేళ్ళతో తడిమి చూడండి.

మొదట తగిలేది ఎండి గట్టిపడిన కాయ తొక్క. అది విచ్చుకుని మొనదేలిన రెక్కల్లాగా ఉంటుంది. ఆ రెక్కలెన్నో లెక్కపెట్టండి. మూడు గాని, నాలుగు గాని, అయిదు గాని ఉంటాయి. ఎన్ని రెక్కలో లోపల అన్ని గదులన్నమాట. ఇప్పుడు ఒక గదిలోని దూదిని బయటికి లాగి వేళ్ళ మధ్య నలపండి. మెత్తని దూదిలో గట్టిగా తగిలేవి గింజలు. ఒక గింజను ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో దాని మీదనుంచి ఓపికగా ఒకే ఒక్క పోగును లాగండి.

ఆ పోగు ఏమిటో తెలుసా? అది ఒకే ఒక్క జీవకణం!

అవును. పత్తిగింజ పైపొరలోని ఒక కణం పొడవుగా సాగి సాగి ఈ పోగయింది. మీరు బడిలో సూక్ష్మదర్శిని కింద చూసే ఉల్లిపొర కణం సుమారు మిల్లీమీటరులో నాలుగోవంతు ఉంటుంది. పత్తి పోగు 25 నుండి 30 మిల్లీమీటర్లు ఉంటుంది. అంటే ఉల్లిపొర కణం కంటే సుమారు వంద రెట్లు పొడవు. వెడల్పు మాత్రం మిల్లీమీటరులో యాభయ్యో వంతు కూడా ఉండదు. ఒక్క గింజ మీద ఇలాంటివి పదివేలకు పైగా ఉంటాయి.

ఇందులో మరొక సంగతి ఉంది. కణాన్ని చూడాలంటే సూక్ష్మదర్శిని కావాలి, సూక్ష్మదర్శినికి కన్ను కావాలి, కాబట్టి కంటిచూపు లేనివారికి జీవశాస్త్రం రాదు అని చాలామంది పెద్దలు అంటూ ఉంటారు. ఆ మాట తప్పని మన చేలోని పత్తికాయ చెబుతోంది. ఒక జీవకణాన్ని వేళ్ళతో పట్టుకోవచ్చు! చూపులేని పిల్లలు సైన్సు ఎలా చదువుతారు, చదవడానికి వారికి అడ్డు వస్తున్నవి ఏమిటి, మీరేం చేయవచ్చు అన్నవి ఈ నెల చెప్పుకుందాం.

చూపు తక్కువ, చూపు లేకపోవడం

దృష్టిలోపం అనగానే నల్లకళ్ళద్దాలూ, చేతికర్రా గుర్తుకు వస్తాయి. కాని దృష్టిలోపం ఉన్నవారందరికీ చూపు పూర్తిగా పోయి ఉండదు. కంటి ఆసుపత్రిలో గోడమీద అక్షరాల పట్టిక చూశారు గదా! మామూలు చూపు ఉన్నవారు 18 మీటర్ల దూరం నుంచి చదవగల వరుసను, ఒక బాలుడు 6 మీటర్ల దగ్గరికి వస్తేగాని చదవలేడనుకోండి. అతని చూపును 6/18 అని రాస్తారు. మంచి అద్దాలు పెట్టినా బాగుండే కంటికి చూపు అంతకంటె తక్కువై, 3/60 వరకు ఉంటే దానిని మందదృష్టి అంటారు. 3/60 కంటె కూడా తగ్గితే అంధత్వం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న కొలతలు ఇవే. ఎదురుగా ఉన్నది తప్ప పక్కలు కనిపించని స్థితిని కూడా ఆ చట్టం లెక్కలోకి తీసుకుంటుంది.

మందదృష్టి గల పిల్లలు నడుస్తారు, ఆడతారు, మనుషులను గుర్తుపడతారు. అందుచేత వాళ్ళకు చూపు తక్కువన్న సంగతి ఇంట్లోవారికి కూడా ఒక్కొక్కసారి తెలియదు. నల్లబల్లమీది అక్షరాలు కనిపించక పక్కవాడి పుస్తకంలో చూసి రాస్తుంటే "కాపీ కొడుతున్నాడు" అంటారు. పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని చదువుతుంటే నవ్వుతారు. మీ తరగతిలో అలాంటి మిత్రుడెవరైనా ఉంటే నవ్వకండి. ఉపాధ్యాయులకు చెప్పండి, కంటి వైద్యునికి చూపించమనండి. అద్దాలతో సరిపోయేది కావచ్చు. ఆపరేషనుతో బాగయ్యే శుక్లం కావచ్చు. శుక్లాలు పెద్దవాళ్ళకే కాదు, పిల్లలకూ వస్తాయి. రెండూ కాకపోతే భూతద్దాలు, దూరదర్శినుల వంటి సాధనాలున్నాయి. గుంటూరులో వైద్యవిద్య చదివిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు 1987 లో హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిని స్థాపించారు. చికిత్సతో చూపు రానివారికి, ఉన్న చూపుతోనే చదువుకోవడం, పని చేసుకోవడం నేర్పే విభాగం కూడా అక్కడ ఉంది.

వద్దన్న సైన్సు, పట్టుబట్టిన కుర్రవాడు

చూపులేని పిల్లలకు పరీక్షల బోర్డులు చాలాకాలంగా ఒక "వెసులుబాటు" ఇస్తూ వచ్చాయి. లెక్కలూ సైన్సూ కష్టం కాబట్టి వాటి బదులు సంగీతం వంటివి తీసుకోవచ్చునని. ఇష్టం ఉండి సంగీతం తీసుకుంటే మంచిదే. కాని బొమ్మలు గీయలేవు, గ్రాఫులు చూడలేవు అని చెప్పి సైన్సు మాన్పిస్తే, అది వెసులుబాటు ఎలా అవుతుంది? తలుపు మూసినట్టే గదా! పదో తరగతిలో లెక్కలు మానేసిన పిల్లకు ఆ తరువాత ఇంజనీరింగు లేదు, కంప్యూటరు చదువు లేదు, బి.ఎస్సి. లేదు. పదిహేనేళ్ళ వయసులో మూసిన తలుపు ఆ తరువాత తెరవడం చాలా కష్టం.

ఆ తలుపు తట్టిన తెలుగు కుర్రవాడి పేరు మీలో కొందరు విని ఉంటారు: బొల్లా శ్రీకాంత్. కృష్ణానదికి అవతల, మచిలీపట్నం దగ్గర సీతారామపురం ఆయన ఊరు. పుట్టుకతోనే చూపు లేదు. తల్లిదండ్రులు వ్యవసాయం చేసుకునే పేదవారు. ఊరి బడిలో వెనుక బెంచీలో కూర్చుని, ఎవరూ పలకరించక, ఆటలకు పిలవక కొన్నేళ్ళు గడిపాడు. తరువాత హైదరాబాదులో చూపులేని పిల్లల పాఠశాలలో చేరి బాగా చదివాడు. పదో తరగతిలో 90 శాతానికి పైగా మార్కులు వచ్చాయి. పదకొండో తరగతిలో సైన్సు, లెక్కలు చదువుతానన్నాడు. చూపులేనివారికి ఆ కోర్సు ఇవ్వడం కుదరదన్నారు.

శ్రీకాంత్ ఊరుకోలేదు. ఒక ఉపాధ్యాయురాలి సాయంతో కోర్టుకు వెళ్ళాడు. ఆరు నెలల తరువాత అనుమతి వచ్చింది. సైన్సే చదివాడు. పన్నెండో తరగతిలో 98 శాతం మార్కులు తెచ్చుకున్నాడు! ఐ.ఐ.టి. ప్రవేశపరీక్షకు శిక్షణ ఇచ్చే సంస్థలు చేర్చుకోనంటే అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు, అంటే ఎం.ఐ.టి.కి, దరఖాస్తు పెట్టాడు. 2009 లో అక్కడ సీటు వచ్చింది. ఇతర దేశాల నుంచి ఎం.ఐ.టి.లో చేరిన చూపులేని మొదటి విద్యార్థి ఆయనే. చదువు ముగించి తిరిగివచ్చి, 2012 లో హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ అనే కంపెనీ పెట్టి, దివ్యాంగులకు ఉద్యోగాలిచ్చారు. 2024 లో ఆయన జీవితకథతో హిందీలో సినిమా కూడా వచ్చింది.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. కోర్టుకు వెళ్ళే ధైర్యం, తోడు నిలిచే ఉపాధ్యాయురాలు ఉన్నారు కాబట్టి శ్రీకాంత్ గెలిచాడు. ఆ రెండూ లేని పిల్లల మాటేమిటి? అందరూ శ్రీకాంత్‌లు కానక్కరలేకుండా, మామూలు పిల్లలు మామూలుగా సైన్సు చదువుకోగలగాలి. అదెలాగో చూద్దాం.

ఆరు చుక్కలలో అన్ని అక్షరాలు

మొదట చదవడం సంగతి. ఫ్రాన్సు దేశంలో 1809 లో లూయీ బ్రెయిల్ పుట్టాడు. మూడేళ్ళ వయసులో తండ్రి తోలుపని చేసే కొట్లో ఆడుకుంటూ ఉండగా ఆరె కంట్లో గుచ్చుకుంది. ఆ పుండు రెండో కంటికి కూడా పాకి చూపు పోయింది. పదిహేనేళ్ళ వయసులో, 1824 లో, ఆ కుర్రవాడే ఆరు చుక్కల లిపిని తయారుచేశాడు.

నిలువుగా మూడు, పక్కన మరో మూడు చుక్కలు. ఎడమవైపు పైనుంచి కిందికి 1, 2, 3. కుడివైపు పైనుంచి కిందికి 4, 5, 6. దీనిని ఒక గడి అందాం. ప్రతి చుక్క ఉబ్బి ఉండవచ్చు, ఉబ్బకుండా ఉండవచ్చు. ఒక్కొక్క చుక్కకు రెండు అవకాశాలు. ఆరు చుక్కలకు 2×2×2×2×2×2 = 64. ఏ చుక్కా లేని ఖాళీ గడిని తీసేస్తే 63 గుర్తులన్నమాట. గడి కూడా వేలికొస కింద సరిగ్గా పట్టేంత చిన్నది. చుక్కకూ చుక్కకూ దూరం సుమారు రెండున్నర మిల్లీమీటర్లు, చుక్క ఎత్తు సుమారు అర మిల్లీమీటరు. ఆ దూరం ఊరికే పెట్టింది కాదు. రెండు పెన్సిలు మొనలు ఒకేసారి మీ వేలికొసకు తగిలించమనండి. వాటి మధ్య దూరం రెండు మూడు మిల్లీమీటర్లు ఉన్నా రెండని తెలుస్తాయి. అదే వీపుమీద తగిలిస్తే, మూడు సెంటీమీటర్ల దూరం ఉన్నా ఒక్కటే అనిపిస్తుంది! స్పర్శను తెలిపే నాడుల చివరలు వేలికొసలో అంత దట్టంగా ఉంటాయి.

మన దేశంలో ఒక్కొక్క భాషకు ఒక్కొక్క బ్రెయిలు పద్ధతి ఉండేది. 1951 లో అన్ని భాషలకూ కలిపి "భారతి బ్రెయిలు" ఏర్పాటయింది. ఇందులో తెలుగు 'క' అయినా, హిందీ 'క' అయినా, తమిళ 'క' అయినా గుర్తు ఒక్కటే. ఇక గుణింతం చాలా సులువు. గుడి, కొమ్ము ఏవీ ఉండవు. హల్లు తరువాత గడిలో అచ్చును రాస్తే సరి. మన ఊరి మాటే తీసుకుందాం: "మిరప". మొదటి గడిలో 'మ': 1, 3, 4 చుక్కలు. రెండో గడిలో 'ఇ': 2, 4 చుక్కలు. ఈ రెండూ కలిస్తే 'మి'. మూడో గడిలో 'ర': 1, 2, 3, 5 చుక్కలు. నాలుగో గడిలో 'ప': 1, 2, 3, 4 చుక్కలు. నాలుగు గళ్ళలో మిరప వచ్చేసింది!

అట్టముక్క మీద కందిపప్పు బద్దలు జిగురుతో అంటించి ఈ మాటను తయారుచేయండి. అవి పెద్దవి కాబట్టి ఒక్క వేలికింద పట్టవు గాని, నేర్చుకోవడానికి పనికివస్తాయి.

తడిమి చేసే లెక్కలు

అక్షరాలు సరే, లెక్కల మాటేమిటి? ఇక్కడ మూడు వందల ఏళ్ళనాటి ఒక మాస్టారిని తలచుకోవాలి. ఇంగ్లండులో 1682 లో పుట్టిన నికోలస్ సాండర్‌సన్‌కు ఏడాది వయసులో మశూచి సోకి రెండు కళ్ళూ పోయాయి. ఆయన లెక్కలు నేర్చుకుని, 1711 లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో గణితాచార్యుడయ్యారు. అది ఏ పదవో తెలుసా? అంతకుముందు న్యూటన్ ఉన్న పదవి! అంతేకాదు, ఆయన న్యూటన్ గ్రంథాలను విద్యార్థులకు బోధించారు. కాంతి గురించి, రంగుల గురించి కూడా పాఠాలు చెప్పారు. వెలుగు చూసిన జ్ఞాపకమే లేని మనిషి కాంతి శాస్త్రం చెప్పడమా అని ఆశ్చర్యపడకండి. కాంతి వక్రీభవనం లెక్క కట్టడానికి కోణాలు కావాలి, నిష్పత్తులు కావాలి. అవి బుర్రలో ఉంటాయి గాని కంట్లో ఉండవు.

సాండర్‌సన్ రంధ్రాలున్న పలకమీద గుండుసూదులు గుచ్చి, వాటి స్థానాన్ని బట్టి అంకెలు తెలుసుకునేవారు. తరువాతి కాలంలో టేలర్ అనే ఆయన తయారుచేసిన పలక మన దేశంలో చూపులేని పిల్లల బడుల్లో బాగా వాడుకలో ఉంది. దానిలో ఎనిమిది మూలల రంధ్రాలుంటాయి. చిన్న చదరపు కడ్డీలను వాటిలో నిలబెడతారు. కడ్డీ ఒక కొసమీద ఒక గీటు ఉబ్బి ఉంటుంది, రెండో కొసమీద రెండు మొనలుంటాయి. కడ్డీని ఎనిమిది దిక్కుల్లో తిప్పి పెట్టవచ్చు. రెండు కొసలకు కలిపి 16 గుర్తులు. పది అంకెలు, కూడిక తీసివేతల వంటి గుర్తులు వీటితో సరిపోతాయి. కూడిక చేసేటప్పుడు అంకెలు మీరు నోటుబుక్కులో వేసినట్లే ఒకదానికింద ఒకటి వస్తాయి.

పై తరగతులకు వెళ్ళేసరికి మరో చిక్కు. బ్రెయిలు ఒక వరుసలో సాగిపోతుంది. దానికి పైనా కిందా ఉండవు. భిన్నాలు, ఘాతాంకాలు, నీటి రసాయన సంకేతంలో కిందికి రాసే 2 ఎలా రాయాలి? అబ్రహం నెమెత్ అనే అమెరికన్ దీనికి మార్గం చూపించారు. "భిన్నం మొదలైంది", "భిన్నం అయిపోయింది", "ఇప్పుడు కిందికి దిగాం" అని చెప్పే గుర్తులు ఏర్పరచి వాటిని కూడా వరుసలోనే రాసేటట్లు చేశారు. ఆ పద్ధతి 1952 లో వెలువడింది. మన దేశంలోనూ వాడుతున్నారు. నెమెత్‌కు కూడా చూపు లేదు. లెక్కలంటే ప్రాణమైనా, చూపులేనివాడికి లెక్కలతో ఉద్యోగం రాదని పెద్దలు చెప్పగా మనస్తత్వశాస్త్రం చదివారు. మనసాగక మళ్ళీ లెక్కలకే వచ్చి ఆచార్యుడయ్యారు. ఆ పెద్దల మాట విని ఊరుకుని ఉంటే, ఈనాటి పిల్లలకు ఆ గుర్తులు ఉండేవి కావు.

ప్రయోగశాలలో ముక్కు, చెవి, చేయి

ఇక ప్రయోగాల సంగతి. "లిట్మస్ రంగు మారడం చూడలేనివాడు ఆమ్లక్షారాలు ఎలా తెలుసుకుంటాడు?" అని అడుగుతారు. ముక్కుతో!

ఉల్లిపాయను సన్నగా తరిగి, చిన్న గుడ్డపేలికలతో కలిపి ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి, రాత్రంతా ఉంచండి. మర్నాడు పేలికలు ఉల్లివాసన వేస్తాయి. మాస్టారు ఒక పేలిక మీద సజల హైడ్రోక్లోరికామ్లం, మరొక దానిమీద సజల సోడియం హైడ్రాక్సైడు నాలుగైదు చుక్కలు వేస్తారు. తరువాత రెండింటినీ నీటితో కడిగి విడివిడిగా వాసన చూడండి. ఆమ్లం వేసినది ఇంకా ఉల్లివాసన వేస్తూనే ఉంటుంది. క్షారం వేసినదానికి ఆ వాసన పోతుంది. లవంగనూనె, వనిల్లా కూడా ఇలా పనిచేస్తాయి. ఇది చూపులేనివారి కోసం చేసిన ప్రత్యేక ఏర్పాటు కాదు సుమా! ఎన్.సి.ఇ.ఆర్.టి. పదో తరగతి సైన్సు పుస్తకంలో అందరూ చేయవలసిన ప్రయోగమే. ఈ ప్రయోగంలో తరగతి అంతా సమానమే.

ద్రవాలు కొలవాలా? సూది తీసేసిన ప్లాస్టిక్ సిరంజి తీసుకుని, లోపలి కడ్డీకి 5 మిల్లీలీటర్లకు ఒకటి చొప్పున చిన్న గంట్లు కోయండి. ద్రవాన్ని లాగుతూ ఉంటే గంటు గోటికి తగిలినచోట ఆపితే చాలు. స్కేలు కావాలా? అట్టపట్టీ మీద సెంటీమీటరుకొక స్టాప్లరు పిన్ను గుచ్చండి. బొమ్మ గీయాలా? పాత దోమల జాలీ ముక్కను చదరంగా కోసి అట్టకు బిగించండి. దానిమీద కాగితం పరచి మైనపు రంగుకడ్డీతో గట్టిగా గీస్తే గీత గరుకుగా వేళ్ళకు తెలుస్తుంది. దర్జీలు వాడే పళ్ళచక్రాన్ని దళసరి కాగితం వెనుకవైపు నడిపితే ముందువైపు చుక్కలగీత వస్తుంది. గ్రాఫుకు మెత్తని చెక్కపలక, గుండుసూదులు, రబ్బరుబ్యాండు చాలు. బిందువుల దగ్గర సూదులు గుచ్చి బ్యాండు తగిలిస్తే సరళరేఖ వాలు ఎంతో చేతికి తెలుస్తుంది.

కాంతిని వినడం అన్నిటికంటె సరదా. తొమ్మిది వోల్టుల బ్యాటరీ, చిన్న ఎలక్ట్రానిక్ బజరు, ఎల్.డి.ఆర్. అనే కాంతి నిరోధకం తీసుకోండి. ఈ నిరోధకం చీకట్లో విద్యుత్తును దాదాపు ఆపేస్తుంది, వెలుగు పడితే పోనిస్తుంది. మూడింటినీ ఒకదాని తరువాత ఒకటి వలయంగా కలపండి. వెలుగు పెరిగితే మోత పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. దీనితో కిటికీ ఎటుందో, నీడ అంచు ఎక్కడుందో తెలుస్తుంది. అద్దం మీద టార్చి వేసి, తిరిగివచ్చే కిరణం ఏ కోణంలో వస్తోందో చెవితోనే పట్టుకోవచ్చు. పలచని గంజినీళ్ళ గ్లాసుకు ఒకవైపు టార్చి, మరోవైపు ఈ పరికరం పెట్టి గ్లాసులో అయొడిన్ చుక్కలు వేయండి. నీళ్ళు ముదురునీలమై వెలుగును ఆపుతాయి, మోత తగ్గిపోతుంది. రంగు మార్పు వినిపించింది!

మరి ప్రమాదం కాదా అంటారు కొందరు. ఆమ్లం ఎవరి చేతిమీద పడినా ప్రమాదమే. సీసాలు ఎప్పుడూ ఒకే చోట పెట్టడం, వాటిమీద తడిమి గుర్తుపట్టగల చీటీలు అంటించడం, వేడి వస్తువులకు విడి బల్ల కేటాయించడం, పక్కన ఒక జతగాడు ఉండటం, ఈ జాగ్రత్తలన్నీ చూపున్న పిల్లలకూ మేలు చేసేవే. మన వాళ్ళకు చెప్పవలసిన జాగ్రత్త ఇంకొకటి ఉంది. మిరపకాయను కోసి చూడటం మంచి పాఠం. లోపల గింజలు అంటుకుని ఉండే తెల్లని భాగం మెత్తగా తగులుతుంది. ఘాటునిచ్చే క్యాప్సైసిన్ ఎక్కువగా అక్కడే ఉంటుంది, గింజల్లో కాదు. ఒంట్లో వేడిని పసిగట్టే గ్రాహకాన్నే అది తట్టి లేపుతుంది. అందుకే "మంట" అంటాం. ఆ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021 లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. కాని ఈ పాఠం తొడుగులతోనే చేయాలి. చేతులు సబ్బుతో కడిగేదాకా కళ్ళదగ్గరికి తీసుకుపోకూడదు. కళ్ళు నలుపుకునే అలవాటున్న మందదృష్టి పిల్లలకు ఈ మాట మరీ ముఖ్యం.

గవ్వలు చదివిన శాస్త్రజ్ఞుడు

చూపులేనివారు ఉన్న సైన్సును నేర్చుకోగలరు సరే, కొత్త సైన్సును కనిపెట్టగలరా? హాలండులో 1946 లో పుట్టిన గీరట్ వెర్మై మూడేళ్ళ వయసులో చూపు కోల్పోయారు. తరువాత అమెరికా వెళ్ళి, నత్తగుల్లలను, గవ్వలను వేళ్ళతో పరిశీలించే శాస్త్రజ్ఞుడయ్యారు. యేల్ విశ్వవిద్యాలయంలో చేరబోతున్నప్పుడు, చూపులేనివాడు ఏం చేస్తాడోనని అక్కడి ఆచార్యుడు మ్యూజియానికి తీసుకువెళ్ళి ఒక గుల్లను చేతిలో పెట్టారు. తడిమి దాని శాస్త్రీయనామం చెప్పేశారు. సీటు దొరికింది.

గుల్లలమీద పగిలి మళ్ళీ అతుక్కున్న మచ్చలు ఉంటాయి. పీతలు గుల్లను పగలగొట్టబోగా, లోపలి ప్రాణి తప్పించుకుని గుల్లను బాగుచేసుకున్న ఆనవాళ్ళవి. లక్షల ఏళ్ళ కిందటి శిలాజాల మీద కూడా అవి ఉంటాయి. వేటాడే జీవులు బలపడే కొద్దీ గుల్లలు కూడా మందంగా, ముళ్ళతో, ఇరుకైన నోళ్ళతో మారుతూ వచ్చాయని వెర్మై వివరించారు. శత్రువుల మధ్య జరిగే ఈ పోటీ పరిణామాన్ని నడిపించే పెద్ద శక్తి అని చెప్పిన ఆయన పుస్తకాలను ప్రపంచమంతా చదివింది.

ఈసారి సూర్యలంకకో, చీరాల ఓడరేవుకో వెళ్ళినప్పుడు గుల్లలు ఏరి తెచ్చి, కళ్ళు మూసుకుని జాతులవారీగా వేరుచేయండి. ఎంత కష్టమో తెలుస్తుంది. అభ్యాసం మీద ఎంత సులువవుతుందో కూడా తెలుస్తుంది. అక్కడి ఇసుకను, మన నల్లరేగడిని చెరొక గిన్నెలో తడిపి తడమండి. ఇసుక రేణువులు రెండు మిల్లీమీటర్ల వరకు ఉంటాయి కాబట్టి గరగరలాడతాయి. బంకమట్టి రేణువు మిల్లీమీటరులో అయిదువందలవ వంతుకన్నా చిన్నది. విడిగా తగలదు, జిగురుగా సాగుతుంది. నీళ్ళు పీల్చి ఉబ్బి, ఎండితే నెర్రెలు విచ్చేది ఇదే.

మీరు చేయగలిగినవి

పెద్ద పరికరాలు లేకపోయినా మీరు ఈ రోజునుంచే చేయగల పనులు కొన్ని ఉన్నాయి.

మొదటిది, రాసేది పైకి చదవడం. నల్లబల్ల దగ్గర "ఇది దీనితో కలిస్తే అది వస్తుంది" అంటే, చూడలేని పిల్లకు ఏమీ అందలేదన్నమాట. "జింకు, సజల సల్ఫ్యూరికామ్లంతో కలిస్తే హైడ్రోజన్ వస్తుంది" అనాలి. మీరు బల్లమీద లెక్క చేసేటప్పుడు అలవాటు చేసుకోండి. మాస్టారు మరిచిపోతే మర్యాదగా గుర్తు చేయండి.

రెండోది, నల్లబల్ల. బాగా తుడిచి, తెల్లసుద్దతో లావుగా, ఎడంగా రాస్తే మందదృష్టి పిల్లలకు మేలు. వాళ్ళకు ఏ బెంచీ బాగా కనిపిస్తుందో వాళ్ళనే అడగండి. కొందరికి కిటికీ వెలుగు కావాలి, కొందరికి అదే గుచ్చుకుంటుంది.

మూడోది, నోట్సు. సెల్‌ఫోన్లు, కంప్యూటర్లు అక్షరాలను పైకి చదివి వినిపిస్తాయి. కాని మీ నోటుబుక్కును ఫోటో తీసి పంపితే, చేతిరాతను ఫోను సరిగా చదవలేకపోవచ్చు. టైపు చేసి పంపండి, లేదా మీ గొంతుతో చదివి రికార్డు చేసి ఇవ్వండి. బొమ్మ ఉన్నచోట "ఇక్కడ బొమ్మ ఉంది" అని వదిలేయక, బొమ్మలో ఏముందో చెప్పండి. గుండె బొమ్మను మాటలతో వర్ణించి చూడండి. మీకు గుండె ఎంతవరకు అర్థమయిందో తేలిపోతుంది!

నాలుగోది, జతగాడుగా ఉన్నప్పుడు అతని పని మీరు చేసేయకండి. సిరంజి అతని చేతిలోనే ఉండాలి. మీరు చూసింది చెప్పండి, అతను విన్నదీ తడిమిందీ చెబుతాడు. లెక్క ఇద్దరూ కట్టండి.

అయిదోది, హక్కులు తెలుసుకోవడం. 2016 చట్టం ప్రకారం నలభై శాతం, అంతకు మించిన వైకల్యమున్న 6 నుండి 18 ఏళ్ళ పిల్లలకు ఉచిత విద్య హక్కు. బడులు వారిని వివక్ష లేకుండా చేర్చుకుని, తగిన ఏర్పాట్లు చేయాలి. పరీక్షలకు చెప్పింది రాసిపెట్టే లేఖకుణ్ణి తెచ్చుకోవచ్చు. గంటకు కనీసం ఇరవై నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2013 లోనే కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. ఇవి దయతో ఇచ్చేవి కావు. ఎత్తు తక్కువవాడికి ముందు బెంచీ ఇచ్చినట్టే ఇదీను.

మన ఊళ్ళలో చూపు తక్కువైన బాలిక ఉంటే "పాపం, చదువెందుకులే" అని కల్లం దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పనికి కూర్చోబెట్టడం ఇంకా ఉంది. ఎండిన కాయను చెవిదగ్గర ఆడించి, గింజల గలగలను బట్టి ఎంత ఎండిందో ఆ పిల్ల చెప్పగలదు. మెత్తగా తగిలిన కాయను ఇంకా తేమ ఉందని పక్కకు తీయగలదు. అదంతా పరిశీలనే గదా! పరిశీలించగల పిల్లకు పుస్తకం ఇవ్వకపోవడం న్యాయమా? మీ వీధిలో అలాంటి పిల్ల ఎవరైనా ఉంటే మీ సైన్సు మాస్టారికి చెప్పండి. సెలవుల్లో దోమల జాలీ పలక ఒకటి, గంట్లు కోసిన సిరంజి ఒకటి తయారుచేయండి. రెండింటికీ కలిపి ఎంతో ఖర్చు కాదు. బడి తెరిచేనాటికి సైన్సు గదిలో ఒక మూల పెట్టండి. వాడుకునే పిల్లలు తప్పక వస్తారు.